ఎడమ పక్కన ఖాళీ

మా క్లబ్బులో అన్నిటికన్నా ఖరీదైన పని మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగేది. ఇద్దరు మనుషులు రెండు చాపల మీద పక్కపక్కన పడుకుని నిద్రపోయేవారు. ఒకరు మేం కొందామా వద్దా అని తర్జనభర్జన పడుతున్న ఆటగాడు. రెండో మనిషి మా అన్నయ్య ఎల్లాజీ. నేను తెరలు దించేసి, ఫ్యాను తగ్గించి, కుర్చీలో కూర్చుని నాలుగు పాదాలనూ చూస్తూ ఉండేదాన్ని. ముందు ఆటగాడి మడమ చిన్నగా కదిలేది. రెప్పపాటు తర్వాత అన్నయ్య మడమ కూడా అలాగే కదిలేది. బయట సముద్రం చప్పుడు, లోపల రెండు ఊపిరుల చప్పుడు. కొన్ని రోజులు ఏది ఏదో నాకే తెలిసేది కాదు.

ఆ చాపలు తయారుచేసింది నేనే. నా పేరు రత్నం. కండరాలు ఎలా నేర్చుకుంటాయి, నేర్చుకున్నది ఎక్కడ దాచుకుంటాయి అన్నది నా చదువు. పగలు ఆడిన ఆటను కాళ్లు నిద్రలో మళ్లీ ఆడుకుంటాయి, కంటికి ఆననంత మెల్లగా. మొదటి చాప ఆ కదలికలను పట్టి రెండో చాపకు అందిస్తుంది. రెండో చాప మీద పడుకున్నవాడికి ఆ ఆట కలగా వస్తుంది. కాగితం మీద గీతలుగా వేసి చూశాను, పిచ్చిగీతల్లా వచ్చాయి. బంతి ముట్టని పెద్దమనుషులను పడుకోబెట్టి చూశాను, హాయిగా గురకపెట్టి లేచి కాఫీ అడిగారు. చివరికి అర్థమైంది, ఒంట్లో ఆట ఉన్న మనిషే దీన్ని వినగలడని. అలాంటివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. పోర్టు జట్టుకు ఆరేళ్లు ఆడి, మోకాలు విరగ్గొట్టుకుని, మా క్లబ్బు మైదానంలో గడ్డి కోసుకుంటున్నాడు.

క్లబ్బు పేరు తూర్పు తీరం ఫుట్‌బాల్ క్లబ్. దానికి ధనవంతుడైన యజమాని ఎవరూ లేరు. విశాఖపట్నంలో నాలుగువేల మంది అభిమానులు తలా కొంత వేసుకుని నడుపుకుంటున్న జట్టు. అధ్యక్షుడు చలపతిగారు పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. చాపలు రాకముందు వాళ్లు ఒకసారి బాగా చేతులు కాల్చుకున్నారు. వీడియోలో పద్దెనిమిది గోల్సు కొట్టిన ఒక విదేశీ ఆటగాణ్ని రెండు కోట్లు పోసి తెచ్చారు. ఆ పద్దెనిమిదింటికీ బంతి అందించినవాణ్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు. పాపం ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని సీజనంతా ఎవరి కోసమో చూస్తూ నిలబడ్డాడు.

"వంకాయలైనా నొక్కి చూసి కొంటాం కదమ్మా, మనుషుల్ని మాత్రం ఫోన్లో చూసి కొనేశాం" అన్నారు చలపతిగారు నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు. ఆ మాటకే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అన్నయ్య మొదటిసారి విన్నది ఒక గోవా కుర్రాణ్ని. నలభై నిమిషాలకు లేచి, కళ్లు నులుముకుని, "ఈడు బాగా ఆడతన్నాడు గాని ఎనకాల కుడిపక్క ఎవుడో పొడుగోడు ఉండాలే. ఆడు లేకపోతే ఈడు సగం మనిసి" అన్నాడు. వాకబు చేస్తే నిజమే. ఆ పొడుగువాడు అతని పాత జట్టులో ఉన్నాడు, వాణ్ని వాళ్లు అమ్మరు. మేం కొనలేదు. కొన్న ఇంకో జట్టు ఏడాది తిరక్కుండా లబోదిబోమంది. తర్వాత ఎవరూ అడగని ఒక గోల్‌కీపర్ని ముప్ఫై లక్షలకు తెమ్మన్నాడు అన్నయ్య. తెచ్చాం. మూడేళ్లలో అట్టడుగున ఉన్న జట్టు నాలుగో స్థానానికి వచ్చింది. ఆటగాడి గొప్పతనం అతని కాళ్లలో సగమే ఉంటుంది, మిగతా సగం అతను ఎవరి వైపు చూస్తాడో అక్కడ ఉంటుంది. మేం ఆ రెండో సగం చూసి డబ్బు పెట్టేవాళ్లం.

దీనికి మేం చెల్లించిన ధర మాత్రం అన్నయ్యకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మొదటిసారి విన్నరోజే అన్నయ్య ఒక మాట చెప్పాడు. "కలలో కాళ్లు ఆడివే గాని సుట్టూ ఉన్నోళ్లు మనోళ్లేనే. ఆడు బంతిస్తే మన దానయ్య అందుకున్నాడు." కల అంతా కొత్తగా అల్లుకోలేక, వినేవాడి ఒంట్లో ఉన్న మనుషులను అరువు తెచ్చుకుంటోందన్నమాట. నాకు అది చాలా అందంగా అనిపించింది. నోట్‌బుక్కులో రాసుకుని మురిసిపోయాను కూడా.

అన్నయ్యకు ఒక అలవాటుంది. మోకాలు పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని పడుకుంటాడు. పడుకుంటే మా పేట ఇసుకలో పాత జట్టుతో ఆడినట్టు కల వస్తుంది. ఇరవయ్యేళ్లుగా ఆయనకున్న ఆట అదొక్కటే. గోవా కుర్రాణ్ని విన్న తర్వాతి ఆదివారం లేచి కూర్చుని, "దానయ్య రాలేదే. ఆ పక్కన ఒట్టి ఇసకుంది" అన్నాడు. ఇంకో నెలకు గోలు కాసే గోలీ రాలేదు. తర్వాత మా చిన్నాన్న కొడుకులిద్దరూ ఒకరి వెనక ఒకరు మానేశారు. పేర్లు గుర్తున్నాయి, మొహాలు గుర్తున్నాయి, వీధిలో కనిపిస్తే పలకరిస్తాడు. కానీ వాళ్లతో ఆడిన ఆట మాత్రం ఒంట్లోంచి వెళ్లిపోయింది. అరువిచ్చింది తిరిగి రావడం లేదు.

తొమ్మిదో నిద్రకే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా ఆపలేదు. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని, అప్పుడు నాకు నా చాపల మీదే ధ్యాస. ప్రతి సోమవారం "ఈవారం ఎవరు రాలేదన్నయ్యా?" అని అడిగేదాన్ని. ఆయన నవ్వి చెప్పేవాడు. నేను రాసుకునేదాన్ని. మూడేళ్లు అలా గడిచాక ఆయన కలలో ఒక్కడే మిగిలాడు, మా తమ్ముడు మసేను. కల కూడా ముందు దూరపువాళ్లనే అడిగి తీసుకుందేమో మరి.

మసేను గురించి చెప్పాలంటే మా ఇసుక గురించి చెప్పాలి. మాది జాలరిపేట. పడవలు ఒడ్డెక్కించాక మొగపిల్లలంతా బంతి ఆడేవారు. సగం ఆట అయ్యాక వైపులు మార్చుకునే ఆచారం మా దగ్గర లేదు. ఉత్తరపు గోలు వెనక మా వీధివాళ్ల వలలు ఆరేవి, వాటిని మేమే కాచుకోవాలి. కాబట్టి మా జట్టు ఎప్పుడూ దక్షిణానికి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపే కొట్టేది. అలా ఆడితే సముద్రం ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది. కుడిపక్క పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి. ఎడమ పక్క తడి ఇసుక గట్టిగా ఉంటుంది. అందుకే పేటలో బాగా పరిగెత్తేవాణ్ని ఎడమకు పెడతారు. మసేను అక్కడే ఉండేవాడు. అన్నయ్య చూడకుండానే బంతి ఎడమకు తోసేవాడు, వాడు ఉండేవాడు. నాకు ఆడే హక్కు లేదు. నీళ్లలోకి పోయిన బంతిని తెచ్చివ్వడం నా పని. మోకాలి లోతులో నిలబడి ఉంటే, "అప్పా, అందుకో" అని మసేను అరిచేవాడు. మా వాళ్లలో అక్కను అప్ప అంటారు.

ఇరవయ్యారేళ్ల కిందట, వాడికి పదిహేనేళ్లప్పుడు, ఒక రోజు అన్నయ్య బంతి కాస్త గట్టిగా తోశాడు. అది అలల్లోకి పోయింది. నేను ఆరోజు లేను, ట్యూషన్‌కు వెళ్లాను. వాడే ఈదుకుంటూ వెళ్లాడు. బంతి మాత్రం సాయంత్రానికి ఒడ్డుకు వచ్చింది.

ఇరవయ్యేళ్లుగా ప్రతి ఆదివారం కలలో అన్నయ్య ఆ బంతిని సరిగ్గా తోస్తూ వస్తున్నాడు. మసేను అందుకుంటూ వస్తున్నాడు.

ఆ పరిస్థితుల్లో వచ్చాడు రింతంగా. మిజోరం కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, బెంగుళూరులో ఒక క్లబ్బుకు మైదానం మధ్యలో ఆడుతున్నాడు. వాళ్లు ఆరు కోట్లు అడిగారు. మా దగ్గర ఉన్నదే ఆరు కోట్లు. అది పెడితే ఇక ఎవర్నీ కొనలేం, ఆ సీజను పోతే నాలుగువేల మంది వేసుకున్నదీ పోయి క్లబ్బు మూసుకోవాల్సిందే. చలపతిగారు సోమవారం సంతకానికి ముహూర్తం పెట్టుకున్నారు. గురువారం మధ్యాహ్నం రింతంగాను పడుకోబెట్టాం. "నిద్రపోతే కొంటారట, ఇంత మంచి ఉద్యోగం ఎక్కడా చూళ్లేదు" అని హిందీలో నవ్వుకుంటూ పడుకున్నాడు.

లేచాక అన్నయ్య మొహం చూసి నేను భయపడ్డాను. మూడేళ్లలో అంత సంతోషంగా ఆయన ఎప్పుడూ లేవలేదు.

"కొనీమను" అన్నాడు.

"ఏటి సూసినావు?"

అన్నయ్యతో మాట్లాడితే నా చదువంతా ఎగిరిపోయి పేట మాటే వస్తుంది.

"ఎడం పక్కంతా ఖాళీ ఒగ్గీసి ఆడతన్నాడే. ఎవుడి కోసమో ఒగ్గీసినాడు. మన మసేను అక్కడ సెయ్యెత్తి నిలబడ్డాడు. అచ్చం ఆడికి సరిపోయీ ఖాళీ. బంతి ఇచ్చీలోగా మెలకువొచ్చీసింది." చాపను చేత్తో నిమిరాడు. "మన జట్టులో ఎడమోడు మంచోడే గదా. ఈణ్ణి తెచ్చి మద్దెలో ఎడితే ఇంక తిరుగు లేదు."

చలపతిగారికి ఆ మాటే చెప్పాను. ఆయన పొంగిపోయారు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అన్నయ్య మాట ఎప్పుడూ ఎండుచేప అమ్మేవాడు తూచినట్టు ఉంటుంది. ఇంత సంబరం అందులో ఉండదు.

శుక్రవారం పొద్దున్న క్యాంటీన్లో రింతంగా ఎదురుగా కూర్చున్నాను. హిందీ ఇద్దరికీ అంతంతమాత్రమే. చిన్నప్పుడు ఎక్కడ ఆడుకున్నావని అడిగాను. మాటలు చాలక అతను ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టి, బల్ల మీద చెయ్యి పెట్టి చూపించాడు. కొండ తొలిచి చదును చేసిన చిన్న నేల. రెండు గోల్సు పెట్టడానికి చోటు చాలదు, ఒకటే గోలు. రెండు జట్లూ అటే కొడతాయి. కుడిపక్క కొండ గోడ. ఎడమ పక్కన ఏముందని అడిగాను. అతను బల్ల ఎడమ అంచు చూపించి, వేలు కిందికి దించాడు. నేల దాకా దించాడు.

"లోయ" అన్నాడు. "బంతి పడితే దిగి తేవడానికి గంటన్నర. ఎవరు పోగొడితే వాళ్లే తేవాలి. చీకటి పడితే ఆట అయిపోయినట్టే. అందరూ తిడతారు. నేను నాలుగుసార్లే పోగొట్టాను."

నేను పక్క గిన్నెలోంచి నిమ్మకాయ ఒకటి తీసి, ఏమీ చెప్పకుండా బల్ల మీద ఎడమ అంచు వైపు దొర్లించాను. అతను ఇడ్లీ తుంచుకుంటున్నాడు, చూడను కూడా చూడలేదు. నిమ్మకాయ అంచు దాటేలోగా ఎడమచెయ్యి వచ్చి దాని మీద పడింది. ఆ తర్వాత తలెత్తి చూసి, తన చెయ్యి అక్కడెందుకుందో తెలియనట్టు సిగ్గుపడ్డాడు.

అప్పుడు అర్థమైంది. అతను ఆ ఖాళీ ఎవరికోసమూ వదలలేదు. అక్కడ నేల లేదు, అందుకని అటు వెళ్లడు. అటు బంతి ఇవ్వడు. అతన్ని మధ్యలో పెడితే మా ఎడమ ఆటగాడు సీజనంతా చెయ్యెత్తుకుని నిలబడాల్సిందే, ఆ విదేశీ ఆటగాడిలాగే. ఎడమ పక్క ఖాళీగా ఉంటే పరిగెత్తే చోటని సముద్రం పక్కన పెరిగినవాళ్లమే అనుకుంటాం. అన్నయ్య అదే అనుకున్నాడు. ఆయన పక్కన కూర్చున్న నేను కూడా అదే అనుకున్నాను.

మధ్యాహ్నం మైదానంలో గడ్డికి నీళ్లు పెడుతున్న అన్నయ్య దగ్గరకు వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన గొట్టం పట్టుకుని వింటూ నిలబడ్డాడు. నీళ్లు ఒకేచోట పడి మడుగైపోతున్నాయి.

"నిమ్మకాయ సూసి ఆరు కోట్ల మాట సెప్పీస్తావేటి?" అన్నాడు.

"నిమ్మకాయ సాలదు. అందుకే ఇంకోపాలి పడుకోవాలన్నయ్యా. ఎడం పక్కకి బంతిత్తాడో లేదో సూస్తే సాలు."

"నాను పడుకోను."

మూడేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఒకేల ఇచ్చీసినాడనుకో" అన్నాడు మెల్లగా. "మసేనే అందుకోవాలి, మరెవుళ్లూ లేరు గదా. అందుకున్నోడు మరి రాడు. అందర్నీ ఇచ్చీసినాను నీకు. దానయ్యని ఇచ్చినాను, గోలీని ఇచ్చినాను, ఏనాడైనా నోరెత్తినానా? ఈణ్ణి అడక్కే."

కోపంగా చెప్పి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆయన బతిమాలుతున్నాడు. మా అన్నయ్య నన్ను బతిమాలడం నేను ఎన్నడూ ఎరగను. నా మీద నాకే ఒళ్లు మండింది. గొట్టం ఆయన చేతిలోంచి తీసుకుని కట్టేసి వచ్చేశాను.

నిమ్మకాయ సంగతి చలపతిగారికి చెప్పి చూడవచ్చు. ఆయన మర్యాదగా విని, "ఎల్లాజీ మాట ఎప్పుడైనా తప్పిందా అమ్మా?" అంటారు. అన్నయ్య మాటను కాదనాలంటే ఆ చాప మీద పడుకుని లేచినవాళ్లే కాదనాలి. శనివారం పొద్దున్నంతా ఆలోచించాను. నేనెప్పుడూ ఆడలేదు. నాలో ఆట లేకపోతే కల రాదు, గురకపెట్టి లేస్తాను. ఉంటే మాత్రం ఉన్నది పోతుంది. మూడేళ్లు నేను అన్నయ్యను అడిగిన ధర అదే కదా.

మధ్యాహ్నం తెరలు దించి, ఫ్యాను తగ్గించి, రింతంగా నిద్రపోయాక రెండో చాప మీద పడుకున్నాను. చాప ఇంకా అన్నయ్య ఒంటి ఆకారానికే ఉంది. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎంతసేపటికో గాని, అరికాళ్లకు చల్లటి మట్టి తగిలింది. మా ఇసుక కాదు, ఎర్రగా గట్టిగా ఉన్న కొండ మట్టి. ముందు ఒకటే గోలు, దాని వెనక పొగమంచు. నా కాళ్లు నావి కావు, తేలిగ్గా ఉన్నాయి, వాటికి ఎటు పోవాలో బాగా తెలుసు. ఎదురుగా నా జట్టు నిలబడి ఉంది. అందరూ మసేనులే.

అరువు తెచ్చుకోవడానికి నా ఒంట్లో కలకు ఇంకెవరూ దొరకలేదు. పదిమంది మసేనులు, నిక్కరు తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని, ఎవరి చోట వాళ్లు నిలబడి నా వైపు చూస్తున్నారు. నాకు ఏడుపు వచ్చింది గాని కాళ్లు ఆగలేదు. కుడిపక్కన ఉన్న మసేనుకు బంతి ఇచ్చాను. వాడు అందుకుని, సంతోషపడి, లేకుండా పోయాడు. ముందున్న మసేనుకు ఇచ్చాను. వాడూ అందుకుని వెళ్లిపోయాడు. ఇవ్వకుండా ఉండాలని ఎంత గింజుకున్నా కాలు ఇచ్చేస్తూనే ఉంది. ఆ ఆట నాది కాదు, ఆపడానికి. ఒక్కొక్కడే తగ్గిపోతున్నాడు. ఎడమ పక్కన మాత్రం ఎవ్వరూ లేరు. అటు చూస్తే పొగమంచు కింది నుంచి పైకి వస్తోంది. అటు అడుగు పడబోతే మడమ దానంతట అదే వెనక్కి లాక్కుంటోంది, వేళ్లు మట్టిని పట్టుకుంటున్నాయి. ఒకసారి బంతి అటు దొర్లింది. నేను అనుకునేలోగానే కాలు వెళ్లి దాన్ని అంచు మీద తొక్కి పట్టింది. అంత వేగం ఆ ఒంట్లో ఇంకెక్కడా లేదు.

చివరికి ఒక్క మసేను మిగిలాడు. నాకు ఎదురుగా నిలబడి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని ఏదో అరుస్తున్నాడు. ఆ రెండు మాటలూ నాకు తెలుసు. వినిపించలేదు. నా కాలు బంతిని వాడి వైపు తోసింది.

లేచేసరికి తెరల అంచున ఎండ ఉంది. రింతంగా పక్కకు తిరిగి ఇంకా నిద్రపోతున్నాడు. నేను లేచి ఆ తెరలు తీసి, కిటికీలోంచి ఒడ్డును చూశాను. ఇరవయ్యారేళ్లుగా ఆ తడి ఇసుకను ఎప్పుడు చూసినా నా మోకాళ్లకు చల్లగా తగిలేది, ఎవరో పరిగెత్తుకొస్తున్నట్టు ఒళ్లు ముందుకు వంగేది. అది నాలో ఉందనే నాకు తెలియదు. ఇప్పుడు చూస్తే అక్కడ ఇసుక ఉంది, నీళ్లున్నాయి, ఒక పడవ ఉంది. అంతే.

ఆ సాయంత్రమే చలపతిగారికి మొత్తం చెప్పేశాను. లోయ సంగతీ చెప్పాను, మూడేళ్లుగా అన్నయ్య ఏం పోగొట్టుకున్నాడో కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఆ చాపలు చుట్టించేసేవాణ్ని కదమ్మా" అన్నారు.

"అందుకే చెప్పలేదండీ" అన్నాను. నిజం అదే.

ఆయన తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "ఎల్లాజీకి నేనేం ఇవ్వగలను?" అని మాత్రం అడిగారు. కాసేపటికి ఆయనే మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, "అయితే ఈ కుర్రాణ్ని వద్దనేద్దామా?" అన్నారు.

"మధ్యలో ఆడేవాడిగా ఆరు కోట్లకు వద్దండీ. ఎడమ అంచున వెనక పెట్టండి. ఆ గీత దాటించి బంతి పోనివ్వడు. అది అతనికి ఎవరూ నేర్పలేరు, ఎవరూ మాన్పించలేరు."

సోమవారం సంతకం జరగలేదు. ఎడమ వెనక ఆడేవాడి ధర మాత్రమే ఇస్తామని చలపతిగారు భీష్మించుక్కూర్చున్నారు. ఆరు కోట్లిచ్చేవాళ్లు ఇంకెవరూ రాక, రెండు నెలలకు బెంగుళూరువాళ్లే దిగివచ్చి రెండున్నరకు వదిలేశారు. మిగిలిన డబ్బు జోలికి ఆ ఏడు ఎవరూ వెళ్లలేదు. నేను చాపలు చుట్టి, తీగలు కోసేసి, అటక మీద పడేశాను. మళ్లీ చెయ్యమని ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మనుషులను కొనాలంటే వెళ్లి, వాళ్లు పెరిగిన నేల చూసి రమ్మని చెబుతాను. అది చవక కూడా.

నేను పడుకున్న సంగతి అన్నయ్యకు చెప్పలేకపోయాను. చలపతిగారే చెప్పేశారట. ఆ ఆదివారం అన్నయ్య చేపల పులుసు గిన్నెతో మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీలో ఎవులున్నారే?" అని అడిగాడు.

నేను చెప్పాను. ఆయన గిన్నె కింద పెట్టి, నా తల మీద చెయ్యి వేశాడు.

కొత్త సీజనులో మొదటి ఆట ఒక ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు పడింది. అన్నయ్య నిద్ర మానుకుని వచ్చాడు. ఇద్దరం ఎడమ గీత పక్కనే కూర్చున్నాం. సగం ఆట కావొస్తుండగా మా మధ్య ఆటగాడు బంతిని ఎడమకు తోశాడు, కాస్త గట్టిగా. అది గీత వైపు దొర్లుకుంటూ పోతోంది. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. రింతంగా ఎక్కడినుంచో వచ్చి, గీత మీద బంతిని అరికాలితో తొక్కి పట్టాడు. చూసి ఆపినట్టు లేదు. ఆపి, అప్పుడు చూశాడు. చుట్టూ జనం లేచి కేకలు వేస్తున్నారు. అన్నయ్య లేవలేదు. ఆయన చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

"పోలేదే" అన్నాడు. "బంతి పోలేదు."

జనం మళ్లీ కూర్చున్నారు. తర్వాత అడిగాను.

"అన్నయ్యా, మసేను ఎలగ పరిగెత్తీవోడు?"

ఆయన నా వైపు చూశాడు. మూడేళ్లు ప్రతి సోమవారం నేను ఆయన్ని ఎవరు పోయారని అడిగాను, ఆయన చెప్పాడు. ఉన్నవాడి గురించి ఎప్పుడూ అడగలేదు. ఆయన నా అరచెయ్యి విప్పి, తన ఒడిలో పెట్టుకుని, రెండు వేళ్లతో దాని మీద పరుగు మొదలుపెట్టాడు. ముందు వేగంగా, చిన్న చిన్న అడుగులు. ఎడమ అంచుకు వచ్చేసరికి వేళ్లు కాస్త నొక్కుకుంటూ సాగాయి, తడి ఇసుకలో నడిచినట్టు.

"ఇలగ" అన్నాడు. "మళ్లీ సూపించమంటావా?"

చూపించమన్నాను.